కృష్ణా డెల్టాలో డచ్ ఆకాశం: చిత్రకళపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పదిహేడో శతాబ్దపు డచ్ (నెదర్లాండ్స్) పల్లె దృశ్యాల గురించే ఉన్నాయి. అన్నిటికీ చోటు చాలదు కనుక, ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగిన అయిదు ప్రశ్నలను తీసుకుంటున్నాను.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగ విరమణ తరువాత మూడేళ్ళుగా ఆయిల్ రంగులతో బొమ్మలు వేస్తున్నాను. డచ్ చిత్రకారుల పల్లె దృశ్యాలంటే నాకు ప్రాణం. ఆ పద్ధతిలో ఊరి బయట బందరు కాలువ గట్టును వేశాను. తాటిచెట్లు, గడ్డివాము, గేదెలు అన్నీ పోలికగానే వచ్చాయి. అయినా అది క్యాలెండరు బొమ్మలా ఉంది, అందులో గాలి ఆడటం లేదు. లోపం ఎక్కడుంది? (పటమట, విజయవాడ)

జవాబు: మీరు పంపిన ఫొటోను చాలాసేపు చూశాను. గీత మీద మీకు మంచి పట్టు ఉంది. తాటిమాను మొదట్లో కాస్త లావై పైకి సన్నబడే తీరును కూడా మీరు వదల్లేదు. లోపం దూరాన్ని చూపడంలో వచ్చింది. ఇవతలి గట్టున ఉన్న తాటిమాను ఎంత నల్లగా ఉందో, పొలాలకు అవతల అర కిలోమీటరు దూరాన ఉన్న చెట్ల వరుస కూడా అంతే నల్లగా ఉంది. దగ్గరి గడ్డికీ దూరపు చేనుకూ ట్యూబులోంచి తీసిన ఒకే ఆకుపచ్చను వాడారు. భూమికీ ఆకాశానికీ మధ్య గీత కత్తితో కోసినట్టు బొమ్మకు సరిగ్గా నడుమ ఉంది. ఈ మూడూ కలిసి గాలికి చోటు లేకుండా చేశాయి.

కంటికీ దూరపు చెట్టుకూ నడుమ ఉన్నది ఖాళీ స్థలం కాదు. అందులో సన్నని నీటి తుంపర, దుమ్ము, పొయ్యిల పొగ ఉంటాయి. వాటి మీద పడిన వెలుగు చెదిరి మన కంటివైపు వస్తుంది. ఆ వెలుగు దూరపు నలుపు మీద పలుచని తెరలా పరుచుకోవడం వల్ల దూరం పెరిగేకొద్దీ మొదట నలుపు తగ్గుతుంది, తరువాత ఒక వస్తువుకూ ఇంకొక వస్తువుకూ ఉన్న తేడా తగ్గుతుంది, చివరికి అంచులు కూడా కరిగిపోతాయి. ఒక రంగు ఎంత వెలుగుగా, ఎంత చీకటిగా ఉందన్న లెక్కను చిత్రకారులు టోన్ అంటారు. డచ్ చిత్రాల్లో మనకు కనిపించే గాలి అంతా ఈ టోన్ల క్రమంలోంచి పుట్టిందే. గాలిమరను వేసినంత మాత్రాన అది రాదు, గాలిమర లేనంత మాత్రాన పోదు.

ఈ విషయంలో మీరు గురువుగా పెట్టుకోవలసినవాడు యాన్ వాన్ గోయెన్ అని నా నమ్మకం. 1596లో లైడెన్‌లో పుట్టిన ఈయన హార్లెంలో ఎసాయాస్ వాన్ డె వెల్డె దగ్గర పని నేర్చుకుని, మొదట్లో గురువులాగే పలు రంగులతో, జనంతో నిండిన దృశ్యాలు వేశాడు. 1630 ప్రాంతం నుంచి ఒక్కొక్క రంగునే వదిలించుకుంటూ పోయి, చివరకు గోధుమ, బూడిద, పసుపు మట్టి రంగులు, మందమైన ఆకుపచ్చలతోనే నదులను, ఇసుక తిప్పలను, తడి ఆకాశాన్ని చూపగలిగాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఆయన 1641లో వేసిన చిత్రం ఒకటి ఉంది. అందులో ఒక మిట్ట మీద గాలి దెబ్బలు తిన్న రెండు ఓక్ చెట్లు, వాటి కింద ఇద్దరు మనుషులు తప్ప పెద్దగా ఏమీ లేదు. అయినా ఆ చెట్ల వెనుక నేల మైళ్ళ కొద్దీ పరుచుకున్నట్టు అనిపిస్తుంది. ఆ మ్యూజియం తన చిత్రాల ఫొటోలను పెద్ద పరిమాణంలో ఉచితంగా ఇస్తుంది కనుక, దానిని దించుకుని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగు తీసేసినా దూరం చెక్కుచెదరదు. మీ బందరు కాలువ బొమ్మనూ అలాగే మార్చి పక్కన పెట్టుకుంటే, నేను ఇంత రాయవలసిన అవసరం ఉండేది కాదు.

ఇక పని విషయం. తెల్లని కాన్వాస్ మీద నేరుగా మొదలుపెట్టకండి. రా అంబర్ అనే గోధుమ మట్టి రంగులో కొంచెం ఎల్లో ఆకర్ అనే పసుపు మట్టి రంగు కలిపి, టర్పెంటైన్‌తో పలుచన చేసి, గుడ్డతో అంతటా రుద్ది ఆరనివ్వండి. ఈ అడుగు పూత తరువాత వేసే రంగుల సందుల్లోంచి అక్కడక్కడ కనిపిస్తూ ఆకాశాన్నీ నేలనూ ఒకే కుటుంబంలోకి తెస్తుంది. నేల గీతను కింది నుంచి మూడో వంతులో, వీలైతే నాలుగో వంతులో పెట్టండి. ముందు ఆకాశం వేయండి. అది పచ్చిగా ఉండగానే, దిగంతం దగ్గర వాడిన రంగులోనే చిటికెడు అంబర్ కలిపి దూరపు చెట్ల వరుసను వేస్తే, దాని పై అంచు ఆకాశంలోకి తనంతట తానే కలిసిపోతుంది. అక్కడి నుంచి ఒక్కొక్క మెట్టు ముదురు చేసుకుంటూ మీవైపు రండి. అసలైన ముదురు రంగును అన్నిటికన్నా ముందున్న గట్టు కోసం దాచుకోండి. వాన్ గోయెన్ చాలా చిత్రాల్లో అడుగున ఒక చీకటి పట్టీ వేసి, దాని వెనుక ఎండ పడిన నేలను పెట్టాడు. చూసేవాడు నీడలో నిలబడి వెలుగులోకి చూస్తున్నాడన్న భావం ఆ పట్టీ వల్లనే కలుగుతుంది.

ఆకుపచ్చ ట్యూబును ఆరు నెలలు పక్కన పెట్టండి. ఐవరీ బ్లాక్‌లో ఎల్లో ఆకర్ కలిపితే చక్కని మందపు ఆకుపచ్చ వస్తుంది. అదే నలుపులో తెలుపు కలిపి, చుట్టూ ఆకర్, అంబర్ ఉన్న చోట పెడితే ఆ బూడిద రంగు కంటికి నీలంగా తోస్తుంది. పక్కన వెచ్చని రంగు ఉన్నప్పుడు బూడిద చల్లబడినట్టు కనిపించడం మన కంటి స్వభావం. మొదటిసారి నా రంగులు కలిపే పలక మీద ఈ నీలాన్ని చూసిన రోజు నీలం ట్యూబు మూత తీసి ఉందేమోనని వెతికాను. తెలుపు కోసం టైటానియం వైట్ చాలు. ఆనాటివారు వాడిన సీసపు తెలుపు విషం, దాని జోలికి వెళ్ళవద్దు.

నీటి గురించి ఒక మాట. కాలువలో కనిపించే ఆకాశం ప్రతిబింబం, పైన ఉన్న ఆకాశం కన్నా ఒక మెట్టు ముదురుగా ఉంటుంది. చెట్టు ప్రతిబింబం మాత్రం చెట్టు కన్నా ఒక మెట్టు వెలుగుగా ఉంటుంది. మన కాలువల నీరు ఒండ్రుతో ఉంటుంది కనుక ఆ మట్టి రంగు రెండిట్లోనూ కలుస్తుంది. మీరు నీటిని ఆకాశం కన్నా తెల్లగా వేశారు, అందుకే అది సిమెంటు రోడ్డులా కనిపిస్తోంది.

ప్రశ్న: బొమ్మలో మూడింట రెండు వంతులు ఆకాశమే ఉండాలంటారు. నేను అంత చోటు వదిలితే అది ఖాళీగా, పని పూర్తికానట్టుగా ఉంటోంది. అంత ఆకాశంలో ఏం వేయాలి? (తెనాలి నుంచి ఒక గృహిణి)

జవాబు: నేలను ఎలా కడతామో ఆకాశాన్నీ అలాగే కట్టాలమ్మా. పొలం గట్లు దూరం పోయేకొద్దీ దగ్గరపడి సన్నబడినట్టే, మబ్బులు కూడా మన నెత్తి మీద పెద్దవిగా, విడివిడిగా ఉండి, దిగంతం వైపు పోయేకొద్దీ చిన్నవై, చదునై, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. ఒకే రకం మబ్బుల అడుగులు దాదాపు ఒకే ఎత్తున ఉంటాయి కనుక ఆ అడుగులను ఇంటి కప్పు దూలాల్లా ఊహించుకోండి. పైన లేత నీలం ఎక్కువగా, కిందికి వచ్చేకొద్దీ తెల్లబడి, దిగంతం దగ్గర కాస్త పసుపు తిరగాలి. మబ్బు అడుగున వేసే బూడిదలో నేల రంగును కొంచెం కలపండి, ఎందుకంటే ఆ అడుగు మీద పడేది నేల నుంచి ఎగసిన వెలుగే.

యాకబ్ వాన్ రైస్‌డాల్ 1670 దశకం తొలి సంవత్సరాల్లో వేసిన హార్లెం దృశ్యం ఒకటి హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్‌లో ఉంది. దాని ఎత్తు 55 సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే, మన ఇంట్లో గోడ గడియారం పక్కన పట్టేంత బొమ్మ. అందులో మూడింట రెండు వంతులు మబ్బులే. ముందు మైదానంలో చలువ చేయడానికి పొడుగ్గా పరిచిన నారబట్టలు, వెనుక సన్నగా ఊరు, అందులోంచి లేచిన సెయింట్ బావో చర్చి. ఆ బొమ్మలో నేర్చుకోవలసిన రహస్యం ఏమిటంటే, మబ్బులు పైన ఊరికే తేలడం లేదు, నేల మీద పని చేస్తున్నాయి. ఒక మబ్బు నీడ ముందు పొలాన్ని కప్పితే, మబ్బుల సందు నుంచి పడిన ఎండ పరిచిన బట్టల మీద వెలుగుతుంది. దాని వెనుక మళ్ళీ నీడ, మళ్ళీ ఎండ. ఈ నీడ, ఎండ పట్టీల మీదుగా మన చూపు మెట్లెక్కినట్టు ఊరి దాకా పోతుంది. మీ బొమ్మలో ఆకాశం ఖాళీగా అనిపించడానికి కారణం దానికీ నేలకూ మాటలు లేకపోవడమే. పైన వేసిన ప్రతి పెద్ద మబ్బుకూ కింద పొలంలో దాని నీడ ఎక్కడ పడుతుందో ముందుగా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

తెనాలిలో ఉన్నారు కనుక మీకు ఒక వసతి ఉంది. శ్రావణ, భాద్రపదాల్లో సాయంత్రం నాలుగు దాటాక దుగ్గిరాల వైపు కాలువ గట్టు మీద నిలబడితే, నాట్లు పూర్తయిన పొలాల మీద మబ్బు నీడలు పరుగెత్తుతూ కనిపిస్తాయి. రంగులు తీసుకువెళ్ళవద్దు. అరచేతి పుస్తకం, బొగ్గు ముక్క చాలు. వాన్ గోయెన్ కూడా ఊళ్ళు తిరుగుతూ నల్ల సుద్దతో పుస్తకాలు నింపుకుని, ఆయిల్ చిత్రాలను ఇంటికి వచ్చాకే వేశాడు. ఒక్కో మబ్బుకు రెండు నిమిషాల కన్నా ఎక్కువ సమయం ఉండదు కనుక, వివరాలు వదిలేసి ఎక్కడ చీకటి, ఎక్కడ వెలుగు అన్నది మాత్రమే పట్టుకోండి.

ప్రశ్న: వాన్ గోయెన్ చిత్రాలన్నీ గోధుమ రంగులో ఉన్నాయి. అది ఆయన కావాలని చేసిందా, లేక నాలుగు వందల ఏళ్ళ మురికా? (గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: చాలామంది పెద్దలు కూడా అడగవలసినంత మంచి ప్రశ్న ఇది. ఎక్కువ భాగం కావాలని చేసిందే. 1630, 40 దశకాల్లో ఆయనా, సాలొమన్ వాన్ రైస్‌డాల్, పీటర్ డె మొలేయ్న్ కలిసి హార్లెం ప్రాంతంలో తక్కువ రంగుల పద్ధతిని పెంచారు. దాని వెనుక కళతోపాటు జీవనోపాధి కూడా ఉంది. అక్కడ చిత్రాలను కొనేది రాజులూ చర్చిలూ మాత్రమే కాదు, సామాన్య వ్యాపారులు, చేతిపనివారు కూడా సంతల్లో, దుకాణాల్లో కొనేవారు. చవకైన మట్టి రంగులతో, పలుచని పూతలతో, పచ్చి మీద పచ్చిగా త్వరగా వేసిన చిత్రం అటువంటివారికి అందుబాటు ధరలో ఉండేది. వాన్ గోయెన్ వెయ్యికి పైగా చిత్రాలు వేయగలిగింది అందువల్లే. అంత వేసినా, తులిప్ దుంపల వ్యాపారంలోనూ భూముల కొనుగోళ్ళలోనూ చేతులు కాల్చుకుని 1656లో అప్పులతో కన్నుమూశాడన్నది తలుచుకున్నప్పుడల్లా బాధ కలిగించే సంగతి.

కాలం చేసిన మార్పు కూడా కొంత ఉంది. ఆయన ఓక్ చెక్క పలకల మీద అంత పలుచగా వేసిన రంగులు వయసు మీద పడేకొద్దీ మరింత పారదర్శకమై, అడుగున ఉన్న చెక్క చారలు పైకి కనిపిస్తున్నాయి. పైన పూసిన వార్నిష్ పసుపెక్కుతుంది. కోబాల్ట్ కలిసిన నీలి గాజును పొడి చేసి తయారు చేసే స్మాల్ట్ అనే నీలం ఆనాడు చవకగా దొరికేది. అది నూనెలో కలిసి ఏళ్ళు గడిస్తే నీలం పోయి బూడిదగా మారుతుంది. కనుక ఆనాటి ఆకాశాలు కొన్ని ఇప్పుడు మనం చూస్తున్నదాని కన్నా నీలంగా ఉండి ఉంటాయి. మీరు ఆ పద్ధతిని అనుసరించేటప్పుడు వార్నిష్ పసుపును అనుకరించకండి, టోన్ల పొదుపును మాత్రం తీసుకోండి.

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మా ఎండ వేరు, మా నేల వేరు. మిరప కల్లాల ఎరుపును గోధుమ రంగులో ముంచితే అది అబద్ధం కాదా? పరాయి దేశపు వెలుగును మన పొలాల మీదికి ఎందుకు తేవాలి?

జవాబు: మీ ఉత్తరంలో కోపం ఉంది, అది మీ ఊరి మీద ప్రేమలోంచి వచ్చిందని అర్థమైంది. మీరు చెప్పినదాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. మే నెల మధ్యాహ్నం గుంటూరు నల్లరేగడి మీద డచ్ పద్ధతి పని చేయదు. ఎండ నిట్టనిలువుగా పడి నీడలు చెట్ల కిందికి ముడుచుకుపోయిన వేళ, ఆ వెలుగును చెప్పడానికి వేరే దారి వెతుక్కోవాలి.

రెండో సగం మాత్రం ఒప్పుకోలేను. ఈ పద్ధతి పుట్టిన చోటు కూడా నదులు తెచ్చిన ఒండ్రు మీద ఏర్పడిన చదునైన నేల, కాలువలతో కోసిన నేల. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు పారిన మన డెల్టాకూ దానికీ పోలిక నేను కల్పిస్తున్నది కాదు. ఆ దేశస్థులు 1605లోనే మచిలీపట్నం వచ్చి వర్తకం మొదలుపెట్టారు, వాన్ గోయెన్ అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్లవాడు. మనవాళ్ళు వాళ్ళను వలందులు అన్నారు, బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున కోతలు అయిన చేలలో కొయ్యకాళ్ళ మీద మంచు పడుకుని ఉన్నప్పుడు, కుప్పలు ఒకదాని వెనుక ఒకటి పాలిపోతూ పోయి ఆఖరి కుప్ప ఉందో లేదో తెలియని ఆ అరగంటలో, మన కళ్ళ ముందున్న దృశ్యం వాన్ గోయెన్ రంగులు కలిపే పలకలోని రంగులతోనే ఉంటుంది. ఆ అరగంట మనది, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

అరువు కూడా తప్పు కాదనడానికి డచ్ వారే సాక్ష్యం. డోర్డ్రెఖ్ట్ ఊరివాడైన ఆల్బర్ట్ కైప్ ఇటలీ గడప తొక్కలేదు. ఇటలీ వెళ్ళి 1640 దశకం మొదట్లో తిరిగివచ్చిన యాన్ బోత్ అనే చిత్రకారుడి పనిలోని బంగారు వెలుగును చూసి, దానిని తన ఊరి ఆవుల మీద, తన ఊరి నది మీద పరిచాడు. ఇప్పుడు ఆ వెలుగును అందరూ కైప్ వెలుగు అనే గుర్తుపడతారు.

మిరప కల్లాల సంగతి. ఎరుపును ముంచవద్దు, దానికి కొలత పెట్టండి. బొమ్మంతా బూడిద, ఆకర్, మందపు ఆకుపచ్చల్లో నడిపించి, నడుమ దూరంలో సన్నని పట్టీగా ఆరబోసిన మిరపను వేయండి. దగ్గరలో ఉన్న కుప్పకే నిండు ఎరుపు, దూరపు పట్టీకి అందులో కాస్త తెలుపు, కాస్త ఆకర్ కలవాలి. చుట్టూ ఉన్న రంగులు నోరు మూసుకున్నప్పుడు వేలెడు ఎరుపు కూడా బొమ్మంతా వినిపిస్తుంది. డచ్ చిత్రాల్లో పడవవాడి ఎర్ర టోపీ చేసే పని అదే.

ప్రశ్న: ఉన్నది ఉన్నట్టు వేయాలా, చెట్టునో కొండనో జరుపుకోవచ్చా? ఆయిల్ రంగు వానాకాలంలో ఎంతకీ ఆరడం లేదు, ఏం చేయాలి? (మంగళగిరి)

జవాబు: జరుపుకోవచ్చు. యాకబ్ వాన్ రైస్‌డాల్ 1650 ప్రాంతంలో జర్మనీ సరిహద్దు దగ్గర బెంథైమ్ కోటను చూశాడు. ఆ కోట ఉన్నది ఒక మోస్తరు గుట్ట మీద. ఆయన దానిని పలుమార్లు వేస్తూ, కొన్నిటిలో పెద్ద కొండ శిఖరానికే ఎత్తేశాడు. చెట్టును జరిపినా, కొండను ఎత్తినా, వెలుగు వచ్చే దిక్కును మాత్రం మార్చకండి. చెట్టు నీడ ఒకవైపు, గడ్డివాము నీడ ఇంకొకవైపు పడిన బొమ్మలో గాలి నిలవదు. మీ ఊరి కొండ చాలా దగ్గర కనుక అది నేల గీతను మింగేస్తుంది. డచ్ పద్ధతి కావాలంటే దానికి వీపు పెట్టి తూర్పు పొలాల వైపు తిరగండి, లేదా నాలుగైదు కిలోమీటర్లు దూరం పోయి, అది లేత బూడిద ముక్కగా మారిన చోట నిలబడండి.

ఆరడం గురించి. అవిసె నూనె నీటిలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. తేమ ఎక్కువైన రోజుల్లో అది మందగిస్తుంది. అంబర్ రంగుల్లో మాంగనీస్ ఉండటం వల్ల అవి త్వరగా ఆరతాయి, ఐవరీ బ్లాక్ బాగా ఆలస్యం చేస్తుంది. కనుక అడుగు పూతలో నలుపు వాడకుండా అంబర్‌తో సరిపెట్టుకోండి. కింది పూతల్లో నూనె తక్కువగా, పై పూతల్లో ఎక్కువగా ఉండాలి. ఇది తారుమారైతే పైన పగుళ్ళు వస్తాయి. బొమ్మను మూసిన గదిలో గోడకు ఆనించి పెట్టకుండా, వెలుతురు, గాలి తగిలే చోట వెనక వైపు కూడా గాలి ఆడేలా నిలబెట్టండి. వేలితో తాకితే అంటకపోయినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది కనుక, పలుచని బొమ్మకైనా ఆరు నెలలు దాటే దాకా వార్నిష్ పూయవద్దు.